గ్రాఫిక్స్ కార్డుకు సంజాయిషీ నోటీసు

మా ఊరి గ్రంథాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో గ్రంథాలయాధికారి సోమయాజులు గారు ఇచ్చిన మెమోలు మొత్తం రెండు వందల పదిహేను. అందులో రెండు వందల పధ్నాలుగు మనుషులకిచ్చారు. మిగిలిన ఆ ఒక్కటీ ఎవరికిచ్చారో చెప్పడానికే నేనిది రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే నన్ను ఇంకో ఊరు పంపిస్తారు, అక్కడ గ్రంథాలయం కూడా ఉండదు.

ఆ ఏడాది పైవాళ్ళకు కంప్యూటర్ ఆటల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆటలాడితే పిల్లలు చెడిపోతారని అంతకు ముందు ఏడాది వారోత్సవాలు జరిపినవాళ్ళే, ప్రతి పట్టణంలోనూ ఈ-క్రీడల శిక్షణ కేంద్రం పెట్టాలని ఉత్తర్వు వేశారు. క్రీడ అన్నారు గనక మైదానం ఉండాలని మా ఊళ్ళో కొన్నాళ్ళు ఎకరం స్థలం కోసం వెతికారు. అది దొరక్క, గ్రంథాలయం మేడ మీద నిఘంటువుల గది ఎవరూ వాడటం లేదని తేల్చి, నిఘంటువుల్ని ఓ మూలకు నెట్టి కేంద్రాన్ని అక్కడ పెట్టారు. చూసుకోవడానికి నన్ను ఔట్‌సోర్సింగ్‌లో వేశారు. నా పేరు గవర్రాజు.

ఆరు కంప్యూటర్లు వచ్చాయి. ఐదింటి మీద టైపు కొట్టుకోవచ్చు, అంతకు మించి ఆశించకూడదు. ఆరో దాంట్లో మాత్రం మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంది. ఆటలో తెర మీద కనిపించే బొమ్మలన్నీ గీసేది ఆ కార్డే. ఎంత పని చెబితే అంత వేడెక్కుతుంది. వేడెక్కిన కొద్దీ దాని మీదున్న రెండు చిన్న ఫ్యాన్లు జోరుగా తిరుగుతాయి. అవి తిరిగినా వేడి దిగకపోతే కార్డు తనంతట తాను పని తగ్గించుకుంటుంది. అప్పుడు తెర మీద బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

ఈ ఆగి ఆగి రావడం వల్ల నష్టపోయే మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే ఉంది. పాలెపు ఝాన్సీ. బడి పిల్లల ఆటో నడుపుతుంది. పొద్దున పిల్లల్ని దించి, సాయంత్రం బడి వదిలేదాకా మా ఆరో నంబరు ముందు కూర్చుని కార్ల పందెం ఆడుతుంది. పదకొండు మంది పిల్లల్ని ఎక్కించుకుని, గతుకుల రోడ్డు మీద ఒక్కడి పులిహోర కూడా ఒలకకుండా తీసుకెళ్ళే మనిషి, తెర ముందు స్టీరింగ్ పట్టుకుంటే నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. రాష్ట్ర జట్టు ఎంపిక నెల రోజుల్లో ఉంది. వయసు హద్దు ఇరవై మూడు. ఆమెకు ఇరవై మూడు నిండటానికి మూడు నెలలే ఉంది. అంటే మొదటి అవకాశమూ అదే, ఆఖరిదీ అదే.

"అన్నయ్యా, ఆ వంతెన మలుపు దగ్గర బొమ్మ ఆగిపోతందండి. మళ్ళీ కదిలేసరికి కారు గోడలో ఉంటంది. నేను తప్పు చేసి ఓడిపోతే సరే. అది ఉడికిపోయి నన్ను ఓడిస్తే ఎలాగండి?" అంది ఓ రోజు.

చేయాల్సింది నాకు తెలుసు. కార్డు మీద దుమ్ము దులపాలి, దానికిచ్చే కరెంటుకు కాస్త హద్దు పెట్టాలి, సెకనుకు ఎన్ని బొమ్మలు గీయాలో చెప్పాలి. అరగంట పని. రేపు చేద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రానేలేదు, ఎందుకంటే ఆ మధ్యాహ్నమే కింద పత్రికల గదిలో సత్తిరాజు గారికి మెలకువ వచ్చింది.

సత్తిరాజు గారు రిటైరైన తహసీల్దారు. రోజూ పదకొండింటికి వచ్చి పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని రెండున్నర దాకా సంపాదకీయం చదువుతారు. ఆ రోజు కార్డు ఎనభై ఐదు డిగ్రీలకు వెళ్ళి, ఫ్యాన్ల హోరు మెట్ల మీదుగా దిగి ఆయన్ని లేపేసింది. ఆయన సోమయాజులు గారి దగ్గరకు, సోమయాజులు గారు రూల్సు పుస్తకంతో మేడ మీదకు వచ్చారు.

"ఎవరు ఆ శబ్దము చేయుచున్నది?"

సోమయాజులు గారు మాట్లాడినా ఫైలు రాసినట్టే ఉంటుంది. ఇంట్లో కూడా భార్యను "తమరు" అంటారని చెప్పుకుంటారు.

"ఫ్యాన్లండి. కార్డు వేడెక్కితే తిరుగుతాయండి."

"ఫ్యాన్లు ఎవరి అధీనమున ఉన్నవి?"

"కార్డు అధీనంలోనండి."

"కార్డు ఎవరి అధీనమున ఉన్నది?"

నాదని చెబితే మెమో నాకొస్తుంది. ఔట్‌సోర్సింగ్ వాడికి మెమో వస్తే ఆ నెల జీతం రాదు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది గానీ ఉన్నది చెబుతున్నాను, నేను భయపడ్డాను.

"ఎవరి అధీనంలోనూ లేదండి. ఎప్పుడు తిరగాలో, ఎంత జోరుగా తిరగాలో అదే నిర్ణయించుకుంటుందండి."

"అనగా బుద్ధిపూర్వకముగానే చేయుచున్నది," అన్నారు సోమయాజులు గారు, పుస్తకం మూసి.

సాయంత్రానికి మెమో వచ్చింది. "నిఘంటువుల గది యందు నియుక్తమైయున్న ఆరవ నంబరు గ్రాఫిక్స్ కార్డు, పాఠకుల" తరువాత "నిద్రకు" అని రాసి కొట్టేసి "ఏకాగ్రతకు" అని దిద్దారు, "భంగము కలుగునట్లు ఉచ్చస్వరమున శబ్దము చేసియున్నది. తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోపు సంజాయిషీ ఇవ్వవలెను." అందినట్టు కార్డు సంతకం కావాలన్నారు. అటెండరు ఆ కాగితాన్ని కంప్యూటర్ పెట్టెకు అంటించి, అంటించినట్టు ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించాడు. ఆ ఇద్దరిలో ఝాన్సీ ఒకతె.

"అయ్యా, నాకు అరగంట టైమివ్వండి. స్క్రూలు విప్పి బాగు చేసేస్తాను," అన్నాను.

సోమయాజులు గారు నన్ను జాలిగా చూశారు. "ఏమయ్యా గవర్రాజూ, అభియోగము ఎదుర్కొనుచున్న ఉద్యోగిని విచారణ ముగియువరకు ఎవరును తాకరాదు. సాక్ష్యము తారుమారగును. ఇక దానికి సర్వీసు రిజిస్టరు కూడ తెరువవలెను. అది లేనిదే శిక్ష ఎక్కడ వ్రాయుదుము?"

అలా కార్డుకు సర్వీసు రిజిస్టరు వచ్చింది. నాకు ఇప్పటికీ లేదు.

కార్డు తరఫున సంజాయిషీ నేనే రాశాను. భయపడి చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తంగా మొత్తం నిజమే రాశాను. "అయ్యా, నా ఎదుట ఉన్న తెర సెకనుకు అరవై బొమ్మలే చూపగలదు. ఇక చాలని ఎవరూ చెప్పనందున నేను నూట యాభై గీయుచున్నాను. మిగిలిన తొంభైని ఎవరూ చూడరు. వాటి కోసమే వేడెక్కుచున్నాను, ఆ వేడికే నా ఫ్యాన్లు అరచుచున్నవి. అరవైకి ఆపమని సెలవిచ్చిన నిశ్శబ్దముగా పనిచేసికొందును." ప్రతి కాగితాన్నీ నాలుగు కాపీలు తీసి మూడు బీరువాలో పెట్టే ఆఫీసులో ఇది తేలిగ్గానే అర్థమవుతుందనుకున్నాను.

సోమయాజులు గారు దాని కింద ఎర్ర సిరాతో రాశారు: "అవసరమునకు మించి పనిచేయుచున్నట్లు కార్డు స్వయముగా అంగీకరించినది. ఈ ప్రవర్తన తక్కిన సిబ్బందికి చెడు మార్గము చూపును. విచారణకు ఉత్తర్వు."

విచారణాధికారిగా జిల్లా ఆఫీసు నుంచి త్రిపురసుందరి గారు వచ్చారు. మంచి పేరున్న అధికారి. ఇరవై రెండు విచారణలు చేసి ఇరవై రెండూ రుజువు చేశారట. కంప్యూటర్ పెట్టె ఎదురుగా కుర్చీ వేయించుకుని, కళ్ళజోడు సవరించుకుని, "చెప్పుకునేదేమైనా ఉందా?" అని మూడుసార్లు అడిగారు. ఆట ఏదీ నడవడం లేదు గనక కార్డు చల్లగా ఉంది, ఫ్యాన్లు కదల్లేదు.

"నా ముందు ఎంత వినయంగా ఉందో చూశారా? అంటే పై అధికారి లేనప్పుడు మాత్రమే అరుస్తోందన్నమాట. రాసుకోండి," అన్నారావిడ.

"అయ్యో, అది కాదండమ్మా. ఆటాడితేనే అరుస్తుందండి," అంది ఝాన్సీ.

"అయితే ఆడి చూపించు."

ఝాన్సీ ఆడింది. నాలుగు నిమిషాలకు కార్డు ఎనభై ఆరు డిగ్రీలు, ఫ్యాన్లు హోరు. త్రిపురసుందరి గారు విసురుగా లేచారు.

"విచారణ జరుగుతుండగా విచారణాధికారి మీద గొంతు పెంచింది! ఇది రెండో అభియోగం. ఆ మూల తొంభై తొమ్మిది అని కనిపిస్తోంది, అదేమిటి?"

"లోడండి. కార్డు తన శక్తిలో తొంభై తొమ్మిది శాతం పని చేస్తోందని," అన్నాను.

"మిగిలిన ఒక్క శాతం?"

నేను తెర మీది అంకెను మళ్ళీ చూశాను.

"విధి నిర్వహణలో ఒక శాతం నిర్లక్ష్యం. మూడో అభియోగం," అని ఆవిడ కలం మూశారు.

అదే నిమిషంలో వంతెన మలుపు దగ్గర బొమ్మ ఆగి, ఝాన్సీ కారు గోడను గుద్దుకుంది. దాన్ని ఎవరూ రాసుకోలేదు. ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళ నిండా నీళ్ళు. ఎంపికకు ఇక పన్నెండు రోజులే ఉంది.

"ఇక మానేస్తానన్నయ్యా. ఇది ఉద్యోగస్తుల గొడవ. ఆటో తోలుకునేదాన్ని, నాకెందుకండి?"

నా అరగంట బద్ధకం, నా ఒక్క అబద్ధం ఆమెను ఇక్కడిదాకా తెచ్చాయని నాకు తెలుసు. ఆమె అక్కడే తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు, పిల్లలకు టైమైందని వెళ్ళిపోయింది.

మర్నాడు సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. దాన్ని చదివినప్పుడు నాకు బుర్ర కాస్త పనిచేసింది. ఉత్తర్వులో నాలుగు మాటలున్నాయి. ఒకటి, కార్డు అధీనంలో ఉన్న బీరువా ఖాళీ చేయించి జాబితా రాయాలి. రెండు, సస్పెన్షన్ కాలంలో జీవనభృతి కింద దాని వేతనంలో సగం మాత్రమే ఇవ్వాలి. కార్డుకు వేతనమంటే కరెంటే గనక సగం కరెంటు. మూడు, పూర్తి పని అప్పగించరాదు. నాలుగు, రోజూ హాజరు వేయించుకోవాలి.

నేను ఉత్తర్వును అక్షరం పొల్లుపోకుండా అమలు చేశాను. బీరువా ఖాళీ చేయించమన్నారు, కార్డుకు బీరువా అంటే అది ఉండే పెట్టే గనక కంప్యూటర్ పెట్టె విప్పాను. జాబితా రాశాను: దుమ్ము, రెండు గుప్పెళ్ళు. బొద్దింక, చనిపోయినది, ఒకటి. ప్రారంభోత్సవం నాటి కుంకుమ, చిటికెడు. సోమయాజులు గారు మూడింటినీ కవర్లలో పెట్టి సీలు వేయించి బీరువాలో భద్రపరిచారు. తరువాత కార్డుకు వెళ్ళే కరెంటును సగానికి తగ్గించాను. పూర్తి పని అప్పగించరాదన్నారు గనక సెకనుకు అరవై బొమ్మలు మించి గీయొద్దని కట్టడి చేశాను. హాజరు సంగతి మిగిలింది.

"హాజరు ఎట్లు వేయుదువు?" అన్నారు సోమయాజులు గారు.

"ఆట నడిస్తేనే కార్డు ఉన్నట్టు తెలుస్తుందండి. ఝాన్సీ చేత రోజూ ఓ నాలుగు గంటలు ఆడించి, ఉన్నదని రాసుకుంటానండి."

ఆయన రూల్సు పుస్తకం తిరగేశారు. వద్దని ఎక్కడా లేదు.

కబురు పెడితే ఝాన్సీ వచ్చింది, ఇష్టం లేకుండానే కూర్చుంది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. కార్డు అరవై రెండు డిగ్రీల దగ్గర ఆగిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో దగ్గరకు చెవి పెడితే గానీ తెలియలేదు. కారు వంతెన మలుపును నున్నగా దాటేసింది. ఆమె హెడ్‌ఫోన్లు తీసి నా వైపు తిరిగింది.

"ఏం చేశారండీ దీన్ని?"

"నేనేం చేయలేదమ్మా. సస్పెండ్ చేశారు."

ఆమె పడీపడీ నవ్వింది. మేడ మీద అంత పెద్ద శబ్దం ఆ నెలలో అదే. సోమయాజులు గారికి వినిపించే ఉంటుంది, మెమో మాత్రం రాలేదు.

పది రోజులు అలా గడిచాయి. సత్తిరాజు గారు నాలుగు గంటల దాకా సంపాదకీయం చదువుతున్నారు. చివరికి ఆయనే, "ఆరవ నంబరు వారి ప్రవర్తనలో మెచ్చదగిన మార్పు వచ్చినది" అని తెల్లకాగితం మీద సిఫారసు రాసిచ్చారు. ఎంపిక రోజునే కార్డును గౌరవంగా విధుల్లోకి తీసుకోవాలని నిర్ణయమైంది.

దానికి ముందు దరఖాస్తు దగ్గర చిన్న పేచీ వచ్చింది. ఎంపిక పోటీకి సంస్థ తరఫున ఒకరి పేరు పంపాలి. ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చుని ఆడితే రాజధాని నుంచి చూసి ఎంపిక చేస్తారు. సోమయాజులు గారు దరఖాస్తు ముందేసుకుని చాలాసేపు బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు, అది నేను చూశాను.

"సంస్థ రిజిస్టరులో ఉన్నవారే సంస్థకు ప్రాతినిధ్యము వహించవలెను. ఈ అమ్మాయి పాఠకురాలు. నీవు ఔట్‌సోర్సింగు. ఈ కేంద్రమున సర్వీసు రిజిస్టరు కలిగినది ఒక్కటే."

అలా దరఖాస్తులో అభ్యర్థి పేరు "ఆరవ నంబరు గ్రాఫిక్స్ కార్డు" అని పడింది. వయసు, ఎనిమిది నెలలు.

"పేరు ఎవరిదైతే ఏంటండి, ఆడేది నేనే కదా," అంది ఝాన్సీ. నాకూ అప్పుడు అంతేననిపించింది.

ఎంపిక రోజు పదకొండింటికి పందెం. సరిగ్గా పదకొండింటికే పునర్నియామక సభ కూడా పెట్టారు, ఎందుకంటే త్రిపురసుందరి గారికి ఆ టైమే కుదిరింది. గది నిండా జనం. పందెం మొదలైన రెండో నిమిషంలో సత్తిరాజు గారు కంప్యూటర్ పెట్టెకు శాలువా కప్పారు. మూడో నిమిషంలో త్రిపురసుందరి గారు బంతిపూల దండ వేశారు. గాలి లోపలికి వెళ్ళే దారి శాలువా మూసింది, బయటకు వచ్చే దారి దండ మూసింది. తెర మీద డిగ్రీల అంకె డెబ్బై దాటింది, ఎనభై దాటింది. ఫ్యాన్లు అందుకున్నాయి. సోమయాజులు గారి ఉపన్యాసం ఎవరికీ వినిపించడం లేదు.

"ఆనందభాష్పములు," అని సర్దిచెప్పారు సోమయాజులు గారు మైకు గట్టిగా పట్టుకుని.

ఎనభై నాలుగు. వంతెన మలుపు ఇంకో అర కిలోమీటరు. అభినందన పొందుతున్న ఉద్యోగి శాలువా లాగేస్తే ఏ రూలు కింద ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఈసారి ఆలోచించలేదు, లాగేశాను. దండ ఝాన్సీయే ఎడమచేత్తో తెంపి వెనక్కి విసిరింది, కుడిచెయ్యి స్టీరింగ్ వదల్లేదు. దండ త్రిపురసుందరి గారి ఒళ్ళో పడింది, ఆవిడ మర్యాదగా పట్టుకున్నారు. బొమ్మ ఆగలేదు. మలుపు దాటింది. రాష్ట్రం మొత్తం మీద ఝాన్సీ రెండో స్థానంలో వచ్చింది.

నేను పిల్లాడిలా గెంతాను. శాలువా లాగినందుకు ఆ సాయంత్రమే నాకు మెమో వచ్చింది, రెండు వందల పదిహేనోది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని మిఠాయి కొనడానికి వెళ్ళాను.

వారానికి జాబితా వచ్చింది. "రాష్ట్ర జట్టుకు ఎంపికైనవారు" అన్న శీర్షిక కింద రెండో వరసలో "ఆరవ నంబరు గ్రాఫిక్స్ కార్డు" అని ఉంది. తేదీ వేసి, రాజధానిలో ఆటల భవనం దగ్గర హాజరు కావాలన్నారు. ఎంపికైనవారికి తప్ప ఇతరులకు ప్రవేశం లేదన్నారు. నేను రాజధానికి ఫోన్ చేశాను. పేరు మార్చాలంటే కార్డు రాజీనామా ఇవ్వాలట, కొత్త అభ్యర్థి వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టుకోవాలట.

ఝాన్సీ జాబితాను రెండుసార్లు చదివింది.

"వచ్చే ఏడాదికి నాకు ఇరవై మూడు దాటిపోతాయండి," అంది. ఈసారి కళ్ళలో నీళ్ళు లేవు, కోపం ఉంది. "అక్కడ దాని చేత ఎవరు ఆడిస్తారటండి? బల్ల మీద పెట్టి దణ్ణం పెడతారా?"

కార్డును పంపడానికి నింపాల్సిన కాగితం నా చేతిలో ఉంది. కింద ఒక గడి, "కార్డుతో పాటు వచ్చు విడిభాగములు". కాసేపు ఆ గడి వైపే చూసి, కలం తీసుకుని రాశాను. వైరు, ఒకటి. స్క్రూలు, నాలుగు. పాలెపు ఝాన్సీ, ఒకరు.

దాన్ని సోమయాజులు గారి ముందు పెట్టి నిలబడ్డాను. ఆయన పైనుంచి కింద దాకా చదివారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివారు. చివరికి ఎర్ర కలం పట్టుకున్నారు.

"ఏమయ్యా, మనిషిని స్క్రూల తరువాత వ్రాయుదువా? ముందు వ్రాయుము," అని వరస మార్చి, సంతకం చేసి, ముద్ర వేశారు.

రాజధానిలో భవనం గేటు దగ్గర కాపలా ఉద్యోగి మా కాగితం అందుకుని ఒక్కొక్కటీ సరి చూసుకున్నాడు. కార్డు చూశాడు. వైరు చూశాడు. స్క్రూలు నాలుగూ అరచేతిలో పోయించుకుని లెక్కపెట్టాడు. తరువాత కాగితం మీద మొదటి వరస దగ్గర వేలు పెట్టి తలెత్తాడు.

"పాలెపు ఝాన్సీ, ఒకరు. ఏదది?"

"నేనేనండి," అంది ఝాన్సీ.

అతను ఆమెను కిందా మీదా చూసి నన్నడిగాడు. "పనిచేస్తుందా?"

నేను నోరు తెరిచేలోపే ఆమె అతని అరచేతిలోంచి నాలుగు స్క్రూలూ తీసుకుంది.

"గేటు తియ్యండి. చూద్దురుగాని."